తప్పయితే నిలబడాలి

హోతాసి సిబురియన్ దగ్గర చదువుకున్న పిల్లలు దేవుడి ముందు తడబడతారేమో గానీ సంఘం ముందు మాత్రం తడబడరని లుంబాన్ బరింగా ఊళ్ళో ఒక మాట ఉండేది. ఎవరో కడుపుమంట కొద్దీ అన్న మాట అది. హోతాసి మాత్రం దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. మెచ్చుకోలు కానిదాన్ని కూడా మెచ్చుకోలుగా తీసుకోగల గుణం దేవుడు ఆయనకు పుట్టుకతోనే ఇచ్చాడు.

ఆయన ఆ ఊరి చర్చిలో సంఘపెద్ద. నిర్ధారణకు పిల్లల్ని తయారుచేసే పని ఆయనది. పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు మీసాలు మొలిచే వయసుకు ప్రశ్నోత్తరాలన్నీ నేర్చుకుని, సంఘమంతా చూస్తుండగా నిలబడి జవాబులు చెప్పాలి. అప్పుడే వాళ్ళకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం. శనివారం మధ్యాహ్నాలు చర్చి వెనక గదిలో హోతాసి పాఠం చెప్పేవాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తప్పు చెప్పినవాడు లేచి నిలబడాలి, సరిగ్గా చెప్పేదాకా కూర్చోకూడదు. నిలబడి నిలబడి కాళ్ళు లాగిన పిల్లలు ఇంటికెళ్ళి దీపం ముందు కూర్చుని బట్టీ పట్టేవాళ్ళు. నిర్ధారణ జరిగే మట్టల ఆదివారం నాడు గలగలా అప్పజెప్పేవాళ్ళు. తల్లులు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. హోతాసి నల్లకోటు సవరించుకునేవాడు.

అలాంటి హోతాసి ఇంటికి ఒక రోజు మేనమామ వచ్చాడు. పై మిట్టల్లో ఉల్లిపాయలు పండించే ముసలాయన. పెద్ద మనవడి పేరు సహాత్ కనక ఊరంతా ఆయన్ని ఓంపు సహాత్ అనే పిలుస్తారు, అంటే సహాత్ తాత అని. ఎర్ర ఉల్లిపాయల సంచి గుమ్మం దగ్గర దించి, కాఫీ తాగి, వానల గురించీ గేదె గురించీ మాట్లాడి, చివరికి ఎటో చూస్తూ అసలు సంగతి చెప్పాడు. తనకూ నిర్ధారణ కావాలట. పిల్లలతో పాటే కూర్చుని నేర్చుకుంటాడట.

ఆయనకు నిర్ధారణ కాలేదన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. చిన్నప్పుడు గేదెలతో కొండ మీదే ఉండిపోయాడు. వయసొచ్చాక, ఇప్పుడు హోతాసి అత్తయ్య అని పిలిచే పిల్లను లేవదీసుకెళ్ళాడు. పెద్దలు తరవాత ఆచారం ప్రకారం కార్యాలన్నీ జరిపించారు గానీ ఈ చదువు మాత్రం అలాగే ఉండిపోయింది. ఏటా మట్టల ఆదివారం తరవాత వచ్చే మంచి శుక్రవారం, క్రీస్తు సిలువెక్కిన రోజున, రొట్టె పళ్ళెం లేవగానే ఆయన నెమ్మదిగా బయటికి నడిచి, చర్చి మెట్ల మీద పసిపిల్లలతో, చుట్టలు కాల్చుకునే కుర్రాళ్ళతో కూర్చునేవాడు. లోపల వరుసలో అత్తయ్య ఒక్కతే ఉండేది.

"ఈ ఏడు దాని పక్కన కూర్చోవాలి అల్లుడూ. మెట్లెక్కితే చాలు, ఊపిరాడటం లేదు దానికి. వచ్చే ఏడు సంగతి ఎవడు చూశాడు?" అన్నాడు ఓంపు సహాత్.

హోతాసికి కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, ఆ మాటకు ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. తప్పులు ఆ తరవాత మొదలయ్యాయి.

ఆ కొండల్లో ఉండే బతాక్ జనంలో మగవాడు అన్నదమ్ములతో తగువు పడొచ్చు, తండ్రితో పడొచ్చు, పాస్టరుతో కూడా పడొచ్చు. మేనమామతో మాత్రం పడకూడదు. తల్లి పుట్టింటివాళ్ళు దీవించే వైపు. అల్లుడు సేవ చేసే వైపు. మేనమామ కంట నీరు పెడితే పొలంలో వరి గింజ పట్టదనీ, ఇంట్లో బిడ్డ నిలవదనీ నమ్మకం. తాతల కాలం నుంచీ క్రీస్తును నమ్ముతున్నవాళ్ళే, దీన్నీ నమ్ముతారు. మేనమామ ఎదురుగా కాలు మీద కాలు వేసుకోరు, ఆయన మాట మధ్యలో తుంచరు. ఇక 'నువ్వు చెప్పింది తప్పు, లేచి నిలబడు' అని ఎలా అంటారు?

మొదటి శనివారం ఓంపు సహాత్ శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని, పిల్లల బెంచీ చివర మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పది ఆజ్ఞలు పరవాలేదు, రెండు మూడు అటూ ఇటూ అయినా గడిచిపోయాయి. చిక్కు ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గర వచ్చింది. అందులో క్షమాపణ అడిగే మాటకు అర్థమేమిటని హోతాసి వరసగా అడుగుతూ వచ్చాడు. మనకు ఏ యోగ్యతా లేకపోయినా దేవుడే ముందు మనల్ని క్షమించాడు, అందుకని మనమూ ఇతరుల్ని క్షమిస్తాం అన్నది జవాబు. పిల్లలు చిలకల్లా చెప్పారు. ముసలాయన వంతు వచ్చింది.

ఆయన చాలా ఆలోచించి చెప్పాడు. మనం ముందు తోటివాళ్ళని క్షమిస్తామట, దానికి బదులుగా దేవుడు మనల్ని క్షమించి తీరాలట. మనం చేప పెడితే అవతలివాళ్ళు పంది మాంసం తెస్తారు కదా, అట్లాగేనట.

పెళ్ళయినా చావయినా ఇచ్చిపుచ్చుకోవడం మీదే నడిచే మనిషి ఆయన. మేనమామ వైపు నుంచి చేప వెళ్తుంది, అల్లుడి వైపు నుంచి మాంసం వస్తుంది, లోకం అలా నిలబడి ఉంది. దేవుడు మాత్రం వేరేలా ఎందుకుంటాడని ఆయన అనుకోవడంలో వింతేమీ లేదు. అది తలకిందులని చెప్పాల్సినవాడు హోతాసి. వెనక బెంచీలో ఒక పిల్ల కిసుక్కుమంది. హోతాసి ఆ పిల్లను నిలబెట్టాడు. మేనమామ వైపు తిరిగి, "బాగుంది మామయ్యా" అన్నాడు.

"తప్పుంటే చెప్పు అల్లుడూ. నాకేం చిన్నతనం లేదు."

"అబ్బే, బాగుంది. తరవాతది చూద్దాం."

ఆ తరవాత ప్రతి శనివారమూ అంతే. ముసలాయన అదే జవాబు ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త ధీమాగా చెప్పడం, హోతాసి బాగుందనడం. ఒకసారి పాఠమయ్యాక ఓంపు సహాత్ ఉండిపోయి ఒక ప్రశ్న అడిగాడు. గట్టు తగాదాలో తన తమ్ముణ్ణి ఎప్పుడో క్షమించాననీ, అయినా వాడు కడుపునిండా తింటుంటే చూడబుద్ధి కాదనీ, అది క్షమించినట్టా కాదా అనీ. హోతాసికి ఆకలిగా ఉంది. అది పరీక్షలో రాదు మామయ్యా, అని తాళం వేసుకుని ఇంటికెళ్ళాడు. ముసలాయన తల ఊపి కొండెక్కాడు.

ఆయన కాఫీ కొట్టులో కూడా తన జవాబు చెప్పి వినిపించేవాడట. విన్నవాళ్ళు కప్పు చాటున నవ్వుకునేవాళ్ళు. గురువు బాగుందన్నాక మనకెందుకులే అనుకున్నారు. హోతాసికి మాత్రం ఒక ఉపాయం ఉంది. పరీక్ష రోజున ప్రశ్నలు అడిగేది తనే. మామయ్యకు మొదటి ఆజ్ఞ వేస్తే సరి, అది ఆయనకు నిద్రలో లేపినా వచ్చు. కర్ర విరక్కుండానే పాము చస్తుంది.

మట్టల ఆదివారానికి ముందు అత్తయ్య మెల్లగా కొండ దిగి వచ్చింది. గుమ్మంలో కూర్చుని ఊపిరి అందేదాకా ఆగి, కొంగున కట్టుకున్న ఆకువక్క ముడి విప్పి, వక్క తీయకుండానే మళ్ళీ ముడేసి అడిగింది.

"ఆయనకు వచ్చిందా నాయనా? నిజం చెప్పు. రాకపోతే ఏదో వంక పెట్టి నేనే మానిపిస్తాను. పదిమందిలో నవ్వులపాలు కావడం ఆయన తట్టుకోలేడు."

"వచ్చింది అత్తయ్యా. నా పూచీ" అన్నాడు హోతాసి.

ఆమె మొహం విప్పారింది. ఆయన భుజాన వెయ్యడానికి బజార్లో శుభకార్యాలకు కప్పుకునే కొత్త ఉలోస్ కండువా తీసుకున్నానని కూడా చెప్పింది.

మట్టల ఆదివారం చర్చి కిటకిటలాడింది. అన్నిటికంటే ముందు జరిగింది ఏమిటంటే, పక్క ఊరి నుంచి వచ్చిన రుగున్ పాస్టరమ్మ, ఈసారి ప్రశ్నలు నేనే అడుగుతాను, సంఘపెద్దగారూ, మీరు హాయిగా కూర్చోండి అంది. కొత్తగా వచ్చిన మనిషి, నవ్వుమొహం. ఆమె మేలుకే అంది. హోతాసి మొదటి ఆజ్ఞ ఉపాయం అక్కడే పోయింది.

పిల్లలు గలగలా చెప్పారు. ఓంపు సహాత్ కొత్త కండువాతో, ఎవరో ఇచ్చిన బూట్లతో లేచి నిలబడ్డాడు. పాస్టరమ్మ ఆయన్ని చూసి, ఈ వయసులో ఇంత ఆశతో వచ్చినందుకు సంఘమంతా సంతోషించాలని చెప్పి, ప్రార్థనలో క్షమాపణ మాటకు అర్థం అడిగింది. ముసలాయన మొహం వెలిగిపోయింది. తనకు బాగా వచ్చిన ప్రశ్నే.

"మనం ముందు క్షమిస్తాం. దానికి బదులుగా దేవుడు మనల్ని క్షమించి తీరాలి. మనం చేప పెడితే వాళ్ళు పంది మాంసం పెట్టరా, అట్లాగే."

చర్చి గొల్లుమంది. పెద్దలు, పిల్లలు, పాటల బృందం, అందరూ. పాస్టరమ్మ నవ్వలేదు. నెమ్మదిగా, ఇంకోసారి ఆలోచించి చెప్పండి తాతగారూ, ముందు ఎవరు క్షమించారు, అంది. ఓంపు సహాత్ ఒకసారి హోతాసి వైపు చూశాడు. అదే జవాబు మళ్ళీ, ఇంకా స్పష్టంగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. చివర, "అల్లుడు బాగుందన్నాడు కదమ్మా" అని కలిపాడు. ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. అందరి తలలూ హోతాసి వైపు తిరిగాయి.

పాస్టరమ్మ మెట్టు దిగి హోతాసి పక్కకు వచ్చి అడిగింది. మెల్లగానే అడిగింది గానీ ముందు వరుసలకు వినపడింది.

"ఈ మాట ఆయనకు సరిగ్గా నేర్పలేదా పెద్దగారూ, నేర్పినా మర్చిపోతున్నారా? నేర్పలేదంటే చెప్పండి, గురువారం నేనే వచ్చి కూర్చుంటాను, శుక్రవారం బల్ల దగ్గరికి రావచ్చు. మనసులో నిలవడమే లేదంటే ఈ ఏటికి వద్దు, మళ్ళీ నిలబెట్టి ఆయన్ని బాధపెట్టను."

ఇంతకంటే సులువుగా ఎవరూ తలుపు తెరవరు. 'నేర్పలేదు' అన్న ఒక్క మాట చాలు. హోతాసికి ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా ఆయన నిలబెట్టి నేర్పిన పిల్లలు. వాళ్ళ తల్లులు. ఇన్నేళ్ళ పేరు. తల కొట్టేసినట్టయింది. ఆ తలను కాపాడుకోవడానికి ఆయన నోరు దానంతట అదే పలికింది.

"నేర్పానమ్మా. వయసు కదా. మతిమరుపు."

ఆ మాట మెల్లగా అన్నాడు గానీ ఓంపు సహాత్‌కు వినపడింది. ముసలాయన చెవులు బాగా పనిచేస్తాయి. ఆయన హోతాసిని ఒక్క క్షణం చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఎవరో తెలిసిన మనిషిని గుంపులో పోల్చుకుంటున్నట్టు ఉంది. తరవాత పాస్టరమ్మ వైపు తిరిగాడు.

"అవునమ్మా. అల్లుడు సరిగ్గానే చెప్పాడు. నాకే నిలవదు."

అని వెళ్ళి కూర్చున్నాడు. అత్తయ్య తల వంచుకుని ఆయన భుజం మీద జారిన కండువా సర్దింది.

ఇంటికొచ్చాక హోతాసి భార్య తియార్మా పళ్ళెం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆమె నోటికి ఊళ్ళో పాస్టర్లు కూడా జడుస్తారు.

"మామయ్యకు మతిమరుపా? పోయిన కోతల్లో మన గేదె ఎన్ని అరటి చెట్లు తొక్కిందో నిన్న చెప్పాడాయన" అంది.

మేనమామను తప్పు పట్టలేక ఊరుకున్నానని, గౌరవం కొద్దీ అని హోతాసి నీళ్ళు నమిలాడు.

"మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెతుంది, నా చేత అనిపించకు. తప్పని చెప్పకపోవడం గౌరవమే అనుకుందాం. మరి మతిమరుపనడం ఏ గౌరవం? నీకు కష్టమైన చోట గౌరవం అడ్డొచ్చింది, సుఖమైన చోట అడ్డు రాలేదు."

సంఘంలో ఎవరినైనా మందలించాల్సి వస్తే వచనం వెంట వచనం చెప్పగల మనిషి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం ఓంపు సహాత్, అత్తయ్య ఇద్దరూ హోతాసి ఇంటికి వచ్చారు. చేతిలో మూత పెట్టిన పళ్ళెం. పసుపు, అందలిమాన్ మిరియం, అల్లంపువ్వు వేసి నీళ్ళు ఇగిరేదాకా ఉడికించిన పెద్ద చెరువుచేప, తలతోక చెడకుండా. అల్లుడి ప్రాణం బెదిరినప్పుడు గట్టిపడాలని మేనమామ తెచ్చి తినిపించే చేప అది. జ్వరం తగ్గినప్పుడు, పడవ బోల్తా పడి బతికినప్పుడు తెస్తారు. ఓంపు సహాత్ చేప తలను హోతాసి వైపు తిప్పి పెట్టి, నీ ప్రాణం కుదుటపడాలి, నీ పిల్లలు చల్లగా ఉండాలి అని దీవించాడు. మతిమరుపు మాట ఒక్క ముక్క ఎత్తలేదు.

"నిన్న నీ మొహం చూశాను. పాలిపోయింది. తిను. ముళ్ళు చూసుకో" అన్నాడు.

చెంప పగలగొట్టినా బాగుండేది. ముందు ఇచ్చినవాడికే తిరిగి వస్తుందని నోటితో చెప్పే మనిషి, తనకు చేసినదానికి బదులుగా చేప వండించి తెచ్చాడు. హోతాసి ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చేప బాగుంది అత్తయ్యా అన్నాడు. 'బాగుంది' అన్న మాట తన నోట్లోంచి మళ్ళీ రావడం తనకే వినపడింది.

మంచి శుక్రవారం వచ్చింది. పాట అయింది, ప్రార్థన అయింది, పళ్ళెం లేచింది. ఓంపు సహాత్ ఎప్పటిలాగే లేచి, బూట్లు చప్పుడు కాకుండా బయటికి నడిచాడు. నల్లకోటు వేసుకున్న హోతాసి ద్రాక్షారసం గిన్నెల పళ్ళెం పట్టుకుని వరుస వెంట వరుస వెళ్తున్నాడు. అత్తయ్య వరుస వచ్చింది. ఆమె పక్కన ఖాళీ జాగాలో కొత్త కండువా మడత పెట్టి ఉంది. ఇది తన రోజు కాదు కనక వేసుకోనన్నాడేమో, ఆమె తెచ్చి అక్కడ పెట్టుకుంది. ఆమె గిన్నె అందుకుని తాగి, తిరిగి పళ్ళెంలో పెట్టింది. హోతాసి మొహంలోకి చూడలేదు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు, భుజాలు ఎగురుతున్నాయి.

హోతాసి పళ్ళెంతో తరవాతి వరుసకు కదిలాడు. ఇంతమందిలో ఆ బల్లకు తగనివాడు ఎవడో ఆయనకు తెలిసింది. ఆ మనిషి బయట మెట్ల మీద లేడు.

ఆరాధనయ్యాక పాస్టరమ్మను ఆపి ఉన్నదున్నట్టు చెప్పాడు. నేర్పలేదనీ, అబద్ధమాడాననీ. ఆమె, ఈ మాట ముందు చెప్పాల్సింది నాకు కాదు పెద్దగారూ, మీ మామయ్యకు అంది. ఆ తరవాత సంగతి సంఘంలో చూద్దాం అంది.

సాయంత్రం హోతాసి కొండెక్కాడు. ఓంపు సహాత్ ఇంట్లో చాప మీద కూర్చుని ఉల్లిపాయల కాడలు కత్తిరిస్తున్నాడు. అల్లుణ్ణి చూసి పక్కన చోటిచ్చాడు. హోతాసికి దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ప్రార్థనలో ఆ మాటకు అర్థం ఇంకోసారి చెప్పమని మాత్రం అడిగాడు. ముసలాయన కత్తి పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని, అదే జవాబు చెప్పాడు. మనం ముందు. బదులుగా ఆయన. చేప, మాంసం.

పుట్టి బుద్ధెరిగాక మేనమామ ఎదురుగా ఎన్నడూ అనని మాట హోతాసి అన్నాడు.

"తప్పు మామయ్యా."

ఓంపు సహాత్ ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి స్తంభానికి ఆనించి, మోకాళ్ళు పట్టేస్తుంటే మూలుగుతూ లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి మామయ్యా, మీరు నిలబడటమేమిటి."

"తప్పయితే నిలబడాలి కదా. పిల్లలందర్నీ నిలబెట్టావు, నన్నొక్కణ్ణీ నిలబెట్టలేదు. నాకన్నీ వచ్చనుకున్నాను. చెప్పు, సరైనదేంటి?"

"ముందు ఇచ్చింది మనం కాదు. ఆయన. మనం ఏమీ ఇవ్వకముందే."

"ఏమీ ఇవ్వకముందే?"

"ఏమీ."

ముసలాయన స్తంభం పట్టుకుని ఆలోచించాడు. పెదాలు కదిలాయి. ఆ మాటను లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఇంత మంచి మాటను నా దగ్గర ఎందుకు దాచావు అల్లుడూ?"

హోతాసి కూర్చోలేకపోయాడు. లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వెందుకు లేచావు?"

"నాదీ తప్పే మామయ్యా. మీకు మతిమరుపని అన్నాను."

"అన్నావు. విన్నాను" అన్నాడు ఓంపు సహాత్. సరైన జవాబు ఒకసారి, తడుముకుంటూ, ఇంకోసారి తడుముకోకుండా చెప్పాడు. చెప్పాక చాప మీదికి నెమ్మదిగా దిగి కూర్చున్నాడు. కత్తి అందుకుని ఉల్లికాడలు కత్తిరించడం మొదలుపెట్టాడు. తరవాతి ప్రశ్న అడుగు అన్నాడు. హోతాసిని కూర్చోమని మాత్రం అనలేదు.

హోతాసి నిలబడే అడిగాడు. లోపల్నుంచి అత్తయ్య రెండు గ్లాసుల కాఫీ తెచ్చింది. ఒకటి చాప మీద మొగుడి ముందు పెట్టింది. రెండోది ఎక్కడ పెట్టాలా అని చూసి, నిలబడి ఉన్న హోతాసి చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.